చెవితో చదివిన హద్దులు

జమ్మలమడుగులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందరి అంగళ్ళలో ఒక ఆచారముంది. చేనైనా, ఇంటి స్థలమైనా, దస్తావేజు టైపు చేయడం అయిపోయాక అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదవాలి. ముఖ్యంగా నాలుగు హద్దులు. తూర్పు చదివి ఆగాలి, ఇద్దరూ "సరే" అనాలి. దక్షిణం చదివి ఆగాలి, మళ్ళీ "సరే" అనాలి. కొనేవాడు లాయరైనా, కాలేజీలో పాఠాలు చెప్పేవాడైనా ఈ తంతు తప్పదు. గట్టు కాడ తలలు పగిలిన కథ మా వైపు ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్తను ఎవరూ ఎగతాళి చెయ్యరు.

నేను అలాంటి ఒక అంగట్లో టైపు చేస్తాను. చదివేదీ నేనే. ప్రొద్దుటూరులో ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోతాను. గొంతు పెద్దదని చిన్నప్పుడు ఇంట్లో తిట్లు తిన్నాను గానీ, అంగడి యజమాని నన్ను పనిలోకి తీసుకున్నది ఆ గొంతు చూసే. బయట లారీ హారన్ కొట్టినా నేను చదివే ఉత్తరం హద్దు వీధి చివరిదాకా వినపడుతుంది. ఆయన మాకు చుట్టం కాదు, అయినా అందరిలాగే నేనూ ఆయనను మామా అనే పిలుస్తాను.

ఆ చదివే పనే నాకు ప్రాణం మీదికి తెచ్చింది.

మొదట మౌస్ బాణం కనపడకుండా పోయేది. స్క్రీను కుడివైపుకు తోస్తే ఏ గోడలోకో దూరినట్టు మాయమయ్యేది. స్క్రీను మురికి పట్టిందనుకుని కొంగుతో తుడిచాను. తర్వాత ప్రొద్దుటూరు బస్టాండులో పక్కన నిలబడ్డ మనుషులను గుద్దుకోవడం మొదలైంది. వాళ్ళు తిట్టేవాళ్ళు, నేను అంతకు రెండింతలు తిట్టేదాన్ని. దారికడ్డం నిలబడి మళ్ళీ నన్నే అంటారేమని నా వాదన. ఒకరోజు రోడ్డు దాటుతుంటే ఒక ఆటో నా మోచేతిని రాసుకుంటూ పోయింది. అది వస్తున్నట్టు నాకసలు తెలియలేదు. ఆ రోజు తిట్టడానికి నోరు రాలేదు.

కంటి డాక్టరు నీటికాసులు అన్నాడు. ముందు పక్కచూపు పోతుందట, అంచుల నుంచి లోపలికి వస్తుందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబడాలంటే చుక్కలు ఒక్క పూట కూడా మానకూడదన్నాడు. టైపు పని చేసుకోవచ్చా అని అడిగాను. "చేతులు బాగానే ఉన్నాయి గదమ్మా" అన్నాడు. అది హాస్యమో ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియదు. బస్సెక్కేదాకా ఆయనను లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను, బస్సెక్కాక ఏడ్చాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. అక్కడి నుంచి ఒక నెల డబ్బు పంపితే రెండు నెలలు పంపడం కుదరదు. పదో తరగతి చదివే కూతురికి చెప్తే అది పుస్తకాలు మూసేసి నా వెంటే తిరుగుతుంది. ఇక మామకు చెప్పడమా? ఆయన చెడ్డవాడు కాదు. కాకపోతే నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న ఆమెను ఒక్క హద్దు తప్పు పోయినందుకు సాయంత్రానికల్లా పంపించేశాడు. ఆయన చెప్పే మాట ఒకటుంది. అక్షరం తప్పితే ఆఫీసువాళ్ళు కాగితం వెనక్కి కొడతారు, హద్దు తప్పితే మనుషులు కొట్టుకుంటారు.

మా అంగళ్ళలో పని జరిగే తీరు కూడా చెప్పాలి. దస్తావేజును మొదటి నుంచి ఎవరూ టైపు చెయ్యరు. పాతదొకటి తెరిచి, పేర్లు మార్చి, కొలతలు మార్చి, హద్దులు మార్చి, కొత్త దస్తావేజుగా దాచుకుంటాం. ఒకరి చొక్కాను ఇంకొకరికి సరిపోయేటట్టు కుట్టినట్టు. ఎక్కడో ఒక చోట పాత మనిషి తండ్రి పేరో, పాత చేని సర్వే నంబరో మిగిలిపోతుంటుంది. దాన్ని మామ దయ్యం అంటాడు. "పాతోళ్ళ దయ్యం మిగల్చగాకు మ్మే" అని రోజుకు ఎన్నిసార్లంటాడో. కళ్ళు బాగున్నప్పుడు నాకు ఆ మాటకు నవ్వొచ్చేది. అంచులు పోయాక ఆ మాట వింటే వెన్నులో చలి పుట్టేది, ఎందుకంటే దయ్యాలు మిగిలేది అంచుల్లోనే.

అక్షరాలు పెద్దవి చేసుకున్నాను. "గోడ మీద రాస్తాండావా మ్మే, అంతంత లావు అక్షరాలేంది?" అన్నాడు మామ. వచ్చినవాళ్ళు చెప్పిన హద్దులను మనసులో పెట్టుకుని, కాగితం మొహానికి అడ్డంగా పట్టుకుని, చదివినట్టు నటించడం మొదలుపెట్టాను. కాగితం మీద ఏముందో నాకు సగమే తెలుసు. "సరే" అని వాళ్ళు అన్న ప్రతిసారీ దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూర్చునేదాన్ని. ఇంటికి పోయాక అన్నం దిగేది కాదు. ఏ ఊళ్ళో ఏ గట్టు మీద నా తప్పు ఎప్పుడు లేచి నిలబడుతుందోనని ఒకటే దడ.

ప్రొద్దుటూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్క మిషను మీద కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడు పులివెందులలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. ఒక ఆదివారం ఆమె ఇంటికి పోయాను. చెప్పాలని పోలేదు. ఆమె పక్క నుంచి టీ గ్లాసు అందించింది, నేను చూడలేదు, నా మోచెయ్యి తగిలి గ్లాసు కింద పడింది. ఆమె ముక్కలు ఏరుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి మ్మే ఇది?"

"ఏంది?"

"నాకాడ దాచగాకు. గ్లాసు నీ మూతి కాడికి తెచ్చినా, నువ్వు చూడల్యా."

చెప్పేశాను. "రేపు మామకు తెలిస్తే ఎల్లుండి నా కుర్చీలో ఇంకొకరు ఉంటారు. నాకు శానా భయమైతాంది" అన్నాను. అన్నాక అర్థమైంది, ఆ మాట నేను అంతవరకూ ఎవరి ముందూ పైకి అనలేదని.

ఆమె ఓదార్చలేదు. లోపలి గదిలో తన కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నా కళ్ళ మీద తన అరచెయ్యి పెట్టింది. "మీటలు నొక్కు" అంది. నొక్కాను. కంప్యూటరు మాట్లాడింది, తెలుగులో. బిందెలో తల పెట్టి మాట్లాడే మగమనిషి గొంతు లాంటిది, ముద్దుముద్దుగా ఏమీ లేదు. నేను మీట మీద వేలు జరిపిన చోటల్లా అది ఏముందో చెప్పింది. ఫైలు అంది. సవరించు అంది. చెత్తబుట్ట, ఖాళీ అంది. చెత్తబుట్ట అనగానే నాకు నవ్వు ఆగలేదు. నా ఇంటి మాట కంప్యూటరు నోట్లో నుంచి రావడం అదే మొదటిసారి.

ఇట్లాంటివి ఉంటాయని నేను అంతకుముందు విన్నాను. వాటి వెల విని నోరు మూసుకున్నాను. "ఇదెంత?" అని అడిగాను.

"ఊరికే."

నా భయం రెండింతలైంది. మా వైపు ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తున్నారంటే ఓట్లొచ్చినట్టు లెక్క. "ఊరికే ఎందుకిస్తారు? రేపు తాళమేసి దుడ్లు అడిగితే ఏం జేసేది?" అన్నాను.

ఆమె ఓపిగ్గా చెప్పింది. కంప్యూటరు తెరిస్తే కనపడి పలికే ఈ ప్రోగ్రామునంతా డెస్క్‌టాప్ అంటారట, దాన్ని చేసేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారట, చాలామంది జీతం లేకుండానే చేస్తారట. "వాళ్ళు మొదట్లోనే ఒక మాట అనుకున్న్యారు. ఇది ఎవురైనా వాడుకోవల్ల. ఎవురినీ అడిగే పని ఉండగూడదు. ఏ భాషోళ్ళకు ఆ భాషలో ఉండల్ల. కళ్ళు ల్యాకుంటే చెవుల్తో, చెయ్యి ల్యాకుంటే ఇంగో రకంగా పని జరగల్ల. లోపల ఎట్లా చేసినారో కూడా దాయరు, ఎవురైనా ఇప్పి చూడొచ్చు. రేపు వాళ్ళు మానుకున్న్యా ఇంగొకరు ఎత్తుకుంటారు. దానికి తాళమెయ్యాలంటే ఎవురి చేతిలోనూ తాళం లేదు మ్మే."

"చెత్తబుట్ట అని ఎవురు రాసినారు?"

"ఎవురో మన మాదిరోళ్ళే. కూచ్చోని ఒక్కో మాటా తెలుగు జేసినారు."

ఎవరో నన్ను ఎప్పుడూ చూడకుండా, నాకు నీటికాసులు వస్తాయని తెలియకుండా, కూర్చుని ఆ మాటలు రాశారు. ఇంకోసారి మీట నొక్కి చెత్తబుట్ట అనిపించుకున్నాను. కానీ భయం మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి తగ్గలేదు. మాట్లాడే కంప్యూటరును అంగట్లో పెట్టుకుంటే నా సంగతి వీధికంతా చాటింపు వేసినట్టే కదా.

అంగట్లో ఒక మూల పాత కంప్యూటరు పడి ఉండేది. నత్తకంటే నిదానమని మామ దాని మీద కాగితాల కట్టలు పెట్టేవాడు. దాన్ని బాగు చేయించుకుని వస్తానంటే "ఆ డబ్బాను నీ ఇష్టమొచ్చినట్టు జేసుకో" అన్నాడు. ముద్దనూరు, తొండూరు మీదుగా బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని పులివెందులకు మోసుకుపోయాను. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాలన్నాడు. చంటిబిడ్డకు కొడతావా అని తగువు పెట్టుకుని కొట్టనియ్యలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ పాత డబ్బాలో ఆమె ఎక్కించిన కొత్త డెస్క్‌టాప్ ఉంది, డబ్బా అంగట్లోని కొత్త కంప్యూటరుకంటే చురుగ్గా కదులుతోంది.

మొదటి రోజే నా పైప్రాణాలు పైనే పోయాయి. అంగట్లో ఉన్న పాత దస్తావేజు ఒకటి అందులో తెరిచి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. అది తెలుగు చదవలేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు వరుసగా పిచ్చిదానిలా చెప్పుకుపోయింది. స్నేహితురాలికి ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పింది. మా అంగళ్ళ పాత ఫాంట్లలో ఉన్నది నిజమైన తెలుగు కాదట. లోపలంతా ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు బొమ్మలు తొడిగారంతే. కళ్ళున్నవాళ్ళకు తెలుగులా కనపడుతుంది, చెవితో వినేవాళ్ళకు అందులో ఒక్క తెలుగు మాట కూడా లేదు. ఇన్నేళ్ళు నేను టైపు చేసిన ఊళ్ళూ వంకలూ చేలూ అన్నీ ఉత్త బొమ్మలేనని అప్పుడు తెలిసింది.

వేరే దారి లేదు. నిజమైన తెలుగు అక్షరాలతో టైపు చేయడం మళ్ళీ నేర్చుకున్నాను. చేతికి దొరికిన ఒక మంచి దస్తావేజును ముందు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా కొత్తగా కొట్టాను. అది పెన్నేటి ఒడ్డున ఉన్న ఒక స్థలానిది. అప్పటి నుంచి అన్ని కొత్త దస్తావేజులకూ అదే మూస అయింది.

పని సాగింది. డబ్బా నా చెవిలో ఒక ముక్క చదివేది, నేను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఆ ముక్కను పెద్దగొంతుతో పైకి చదివేదాన్ని. "పని టైములో పాటలేంది మ్మే?" అని మామ కసిరాడు. పాటలని అనుకోవడమే మేలు. ఇయర్‌ఫోన్ తీగను పైట కింద నుంచి లాక్కుని, బల్ల కింద ఉన్న చిన్న స్పీకరుకు తగిలించేదాన్ని. మామ పొద్దున దేవుడి పాటలు పెట్టుకునే స్పీకరు అది. ఆ తీగ ఊడితే నా బతుకు బయటపడుతుందని నాకు తెలుసు. కాలితో తడిమి చూసుకుంటూ ఉండేదాన్ని.

కొండాపురం వైపు, పెన్నేటి మీద కట్టిన గండికోట డ్యాము నీళ్ళలో ఊరు మునిగిన ఒక ముసలామె, కొడుకును వెంటపెట్టుకుని ఇంటి స్థలం కొనడానికి వచ్చింది. జమ్మలమడుగు శివార్లలో చిన్న ముక్క. అమ్మే ఆయన చేతి గడియారం చూసుకుంటూ ఉన్నాడు. ఆఫీసులో భోజనాల వేళ లోపల కాగితం ఇవ్వాలని మామ తొందరపెడుతున్నాడు. హద్దులు నాకు కంఠతా వచ్చాయి. ఆ తొందరలో నా నోరు చెవికంటే ముందు పరిగెత్తింది. డబ్బా చెప్పకముందే తూర్పు చదివేశాను. సరే అన్నారు. దక్షిణం సరే. పడమర సరే. ముసలామె ఇంకా బాగా వినాలని కుర్చీ ముందుకు జరుపుకుంది. కుర్చీ కాలికి తీగ చుట్టుకుని ఊడిపోయింది.

బల్ల కింద నుంచి బిందెలో మనిషి గొంతు వీధిలోకి పలికింది.

"ఉత్తరం. పెన్నేటి గట్టు."

అక్కడ ఇరవై అడుగుల రోడ్డు ఉండాలి. పాత స్థలం హద్దును మార్చడం మరిచాను. అంచున ఉన్న ఆ గీత నాకు కనపడలేదు. తీగ ఊడకపోతే నేను రోడ్డు అని చదివి ఉండేదాన్ని, కాగితం మీద పెన్నేరు ఉండిపోయేది, వాళ్ళు సరే అని వేలిముద్ర వేసేవాళ్ళు.

ముసలామె మొహంలో నెత్తురు లేదు. ఎవరు చదివారని అడగలేదు. బల్ల కిందికి చూడలేదు. నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"పెన్నేరు ఆడికి గూడా వచ్చిందేమ్మా?"

ఆమె లేచి నిలబడి కొడుకు చెయ్యి పట్టుకుంది. "మాకొద్దు పా నాయనా. ఒగసారి సూసినాం సాలు" అంది. అమ్మే ఆయన గాబరాగా "ఆడ ఏరేంది పెద్దమ్మా, రోడ్డు ఉండాది, నీ కండ్లారా సూసినావు గదా" అన్నాడు. మామ నా వైపు చూస్తున్నాడని నాకు కనపడలేదు, తెలిసింది.

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. కాగితం బల్ల మీద పెట్టాను. "తప్పు నాది పెద్దమ్మా. ఆడ రోడ్డే. పాత కాయితంలో ఉన్న పెన్నేరును నేను తీసెయ్యల్యా" అన్నాను. తర్వాత మామ ఉన్న దిక్కుకు తిరిగాను. "మామా, నాకు కండ్లు సరిగా కనపడవు. పక్కన ఏముండాదో నాకు తెలీదు. ఈ డబ్బా నా చెవిలో సదివితే నేను సదువుతాండా. పాటలు కాదు." నా పెద్ద గొంతు ఆ చివరి మాటకు పిట్ట గొంతయింది. పనిలోంచి పొమ్మనే మాట కోసం ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

మాట్లాడింది ముసలామె. మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "నాకు కండ్లుండి ఏం లాభంలేమ్మా, సదువు రాదు. ఇంతకాలం ఎవురేం సదివినా సరే అనుకుంటా వచ్చినా. సరిజేసి ఆ బల్ల కిందాయనతోనే సదివించు. ఆయన ఉండేది ఉండేట్టు చెప్తాండాడు."

పులివెందులలో నా స్నేహితురాలు ఎవరైనా వాడుకోవాలి అన్నప్పుడు ఆ ఎవరైనా నేనే అనుకున్నాను. చదువు రాని ఈమె కూడా అందులో ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

పెన్నేటి గట్టు తీసేసి రోడ్డు అని కొట్టాను. డబ్బా మొదటి నుంచి చదివింది. తూర్పు సరే. దక్షిణం సరే. పడమర సరే. ఉత్తరం, ఇరవై అడుగుల రోడ్డు అంది. ముసలామె సరే అనలేదు. మళ్ళీ చదివించమంది. మళ్ళీ చదివింది. ఇంకోసారి అంది. మూడోసారి విన్నాక కొడుకు మొహం చూసి, అప్పుడు సరే అని వేలు ముందుకు చాపింది.

వాళ్ళు ఆఫీసులోకి పోయాక మామ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కిందికి వంగి ఇయర్‌ఫోన్ తీగను చుట్టచుట్టి సొరుగులో పడేశాడు.

"ఇంగ అది నీ చెవిలో సదివే పనిల్యా. అందరికీ ఇనపడేటట్టు సదవనీ. నీ నోరు మాత్రం దానికి ముందర పోగూడదు."

"అయితే రేపు రమ్మంటావా మామా?"

"రాకుంటే ఆ డబ్బాను ఎవురు తిప్పుతారు? నాకు చాతనైతాదా?" అని విసుక్కున్నాడు.

కొన్నాళ్ళు ఆ మాట తలుచుకుంటే బతికిపోయాను అనిపించేది. ఇప్పుడు అంత ధీమా లేదు. చుక్కలు మానకుండా వేసుకుంటున్నాను, అయినా డాక్టరు దగ్గరికి పోయిన ప్రతిసారీ ఆయన చూపించే వెలుగు చుక్కల్లో కొన్ని నాకు కనపడవు. వీధిలో అందరికీ నా సంగతి తెలుసు. కండ్లు కనపడని ఆమె అంగడి యాడ అని అడుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. ఆ మాట విన్నప్పుడు కోపమొస్తుంది, వాళ్ళు మా అంగడికే వచ్చినందుకు సంతోషమూ వేస్తుంది.

రోజూ డబ్బా చదువుతుంది, జనం సరే అంటారు. అది ఉత్తరం అన్నాక తర్వాతి మాటకు ముందు చిన్నగా ఆగుతుంది. అంతసేపూ నేను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాను, పెన్నేరు వస్తుందేమోనని.